వంకర వేలు

తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, లవంగాలు ఎండబెట్టుకునే నేను ముదిరి పరిశోధనలో పడ్డాను. రాజధాని తానా నుంచి వచ్చిన మియాలీ అనే పిల్ల ఊసరవెల్లుల మీద చదువుతోంది. వాటి వీపున గోళ్ల రంగుతో చుక్కలు పెట్టి, అవి ఎటు పోతే అటు పోవడం మా పని. మూడు చుక్కలది నిండు చూలాలు. గుడ్లు పెట్టి మట్టి కప్పేసిందంటే ఆ చోటు ఇక దొరకదు. గుడ్లు పెట్టే చోటు చూడకపోతే మియాలీ రెండేళ్ల చదువూ గంగపాలే. సాయంత్రం పడవకు ఆమె వెళ్లిపోవాలి.

పొద్దున్నే తోటలో మూడు చుక్కలు నా కంటబడ్డాయి. చెట్టు దిగుతోంది. దగ్గరికి పోతే బెదిరి మళ్లీ ఎక్కేస్తుంది.

"అదిగో!" అని వేలు మడిచి కణుపుతో చూపించాను. మా ఊళ్లో ఊసరవెల్లికీ సమాధికీ సూటిగా వేలు చూపరు. చూపితే కుళ్లిపోతుందట.

మడిచిన వేలు ఎటు చూపుతోందో ఆ పిల్లకేం తెలుస్తుంది? ఎడమవైపు చూస్తూ నిలబడింది.

"ఎక్కడ, బకూలి పిన్నీ?"

"లవంగం చెట్టు కిందే, తల్లీ!"

"అన్నీ లవంగం చెట్లేగా! సరిగ్గా చూపించు, నీకు దణ్ణం పెడతా!"

"నా వేలు కుళ్లితే లవంగాలు నువ్వొచ్చి కోస్తావా?"

మూడు చుక్కలది అప్పుడే మట్టి గీకుతోంది. మియాలీ కళ్లలో నీళ్లు తిరిగాయి. పోతే పోయింది వెధవ వేలు అనుకుని, బారుగా చాచి చూపించాను.

చూసింది! ఊపిరి బిగబట్టి ఇద్దరం అక్కడే కూలబడ్డాం. అది గుంత తవ్వింది, గుడ్లు పెట్టింది, మట్టి కప్పి కాళ్లతో తొక్కింది. మియాలీ అక్కడ గుర్తుకు పుల్ల పాతింది. నేను మాత్రం గడియకోసారి వేలు వాసన చూసుకున్నాను.

సాయంత్రం రేవులో పడవ కదిలింది. మియాలీ పక్కవాళ్లకు నా గురించి ఏదో చెబుతూ, నన్ను చూపించడానికి చెయ్యెత్తింది. ఎత్తి, ఒక్క క్షణం ఆగి, వేలు మడిచింది.

నేను ఊరుకుంటానా?

"ఒసేయ్, నేనింకా సమాధిలోకి పోలేదే! సూటిగానే చూపించు!" అని అరిచాను.

అది నవ్వింది గానీ, వేలు మాత్రం చాచలేదు.