మూడుసార్లు చూపిన ముఖం

నేను ఒక డబ్బా టీవీని. పాత సామాన్ల కొట్టులో, రెక్క విరిగిన టేబుల్ ఫ్యానుకీ తుప్పు పట్టిన గ్యాసు పొయ్యికీ మధ్య కూర్చుని ఉన్నాను. నా కథ ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటుంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, అయినా చెబుతాను.

పుట్టింది ఏదో పెద్ద ఫ్యాక్టరీలో. థర్మోకోల్ ముక్కల మధ్య ఇరికించి అట్టపెట్టెలో మూసేశారు. పెట్టె విప్పేసరికి రేపల్లెలో ఒక లాడ్జి హాల్లో ఉన్నాను. యజమాని రిమోటు మాత్రం తన జేబులోనే ఉంచుకునేవాడు. క్రికెట్ గెలిచిన రోజు నాకు పూలదండ వేశారు, ఓడిన రోజు చెప్పు విసిరారు. అక్కడికి బ్యాటు పట్టింది నేనే అయినట్టు! గోడకి అతుక్కునే పల్చటి టీవీలు రాగానే నన్ను మెట్ల కిందికి తోసేశారు. అక్కడినుంచి నన్ను తెచ్చుకున్నది భ్రమరాంబ.

మార్కెట్ వీధిలో ఆవిడది జాకెట్లు కుట్టే కొట్టు. కత్తెర పట్టేది ఆవిడ, మిషను తొక్కేది ఖైరున్నీసా. మిషన్ల రొదలో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరిచే మాట్లాడాలి. ఆ అలవాటు కొట్టు కట్టేశాక కూడా పోయేది కాదు వాళ్లకి. మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడిగి పెట్టగానే నాలో ‘నట్టింటి వెన్నెల’ పాత ఎపిసోడ్లు మళ్లీ వచ్చేవి. సాయంత్రం కొత్తవి. వాళ్లు రెండూ చూసేవాళ్లు. చూస్తున్నంతసేపూ తిట్టేవాళ్లు, మర్నాడు గంట ముందే నన్ను పెట్టేవాళ్లు. ఈ మనుషుల ప్రేమ నాకెప్పుడూ అంతుపట్టలేదు.

వాళ్లకి రోజూ ఒకటే తగువు. సీరియల్ ఎక్కడ చెడిందీ అని.

“హీరో కార్తికేయ గతం మర్చిపోయాడే, అప్పుడే పోయింది దాని కళ,” అనేది భ్రమరాంబ. “మళ్లీ ఆ పిల్లనే పెళ్లి చేసుకోటానికి అన్ని నెలలా?”

“కాదక్కా! అంతకు ముందే. బామ్మ నోరు మూతబడిన కాడనుంచి,” అనేది ఖైరున్నీసా. “మొదట్లో ఎట్టా మాట్లాడేది! కోడళ్లు గజగజలాడేవాళ్లు. తర్వాత ఏమొచ్చిందో, ఒక్క మాట లేదు. గుడ్లప్పగించి చూడ్డమే. పేరు రాగానే ఒళ్లు బరువెక్కింది ఆమెకి.”

ఆ మాట మీద మాత్రం ఇద్దరూ ఒకటయ్యేవాళ్లు. భ్రమరాంబ టేపు మెళ్లో వేసుకుని, లేచి నిలబడి, బామ్మ చూపు చూపించేది. ముఖం ఎడమకి, “ఢాం!” కుడికి, “ఢాం!” ఎదురుగా, “ఢాం!” నేనలాగే చూపించేవాణ్ణి మరి, ఒక్క చూపుని మూడుసార్లు, డప్పులతో సహా. జాకెట్టు బిగుతైందని ఎవరైనా గొడవకొస్తే, వాళ్లు వెళ్లాక ఆ చూపు. కరెంటు పోతే ఆ చూపు. కొట్టంతా నవ్వులే నవ్వులు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. పేరు సుగుణకుమారి అని చెప్పింది. కురచగా కత్తిరించిన నల్లరంగు జుట్టు, సన్నటి బొట్టు. చెల్లెలి ఇంట్లో ఉందామని కొత్తగా ఊరొచ్చిందట. సంచిలోంచి నెమలికంఠం రంగు పట్టు ముక్క తీసింది.

“హైదరాబాదులో ఒక సభ ఉందమ్మా. స్టేజీ ఎక్కాలి. కాస్త బాగా కుట్టు,” అంది.

భ్రమరాంబ కొలతలు తీస్తూ, “మీకు ఎడం భుజం దిగి ఉంది పిన్నిగారూ. పైట నిలవదు కదా?” అంది.

“ఎప్పుడూ జారుతూనే ఉంటుంది,” అంది ఆవిడ, పైట పైకి లాక్కుంటూ.

కూర్చోమని స్టూలు వేశారు. నాలో సీరియల్ నడుస్తోంది, తగువు మొదలైంది. ఖైరున్నీసా ఊరుకోక ఆవిణ్ణి కూడా లాగింది. “మీరు చెప్పండి పిన్నిగారూ, ఎక్కడ చెడింది ఇది?”

“నాకేం తెలుసమ్మా,” అంది సుగుణకుమారి.

“నేను చూపిస్తా చూడండి!” అని భ్రమరాంబ లేచింది. ఎడమకి ఢాం, కుడికి ఢాం, ఎదురుగా ఢాం. ఈసారి కొత్త మనిషి ఉందని కాబోలు, కళ్లు ఇంకాస్త పెద్దవి చేసి, దవడ కూడా కిందికి వేలాడేసింది. ఖైరున్నీసా మిషను మీద పడి నవ్వింది. సుగుణకుమారి కూడా నవ్వింది. నవ్వి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులకి, జాకెట్టు సరిపోయిందో లేదో చూసుకోవడానికి మళ్లీ వచ్చింది. భ్రమరాంబ నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఆ దిగిన భుజం దగ్గర గుడ్డ సర్దుతూ, మాటవరసకి నా వైపు తలెత్తి చూసింది. అప్పుడే నాలో పాత ఎపిసోడ్లోని బావి సీను వస్తోంది. మనవడు ఇల్లు వదిలి వెళ్లిపోతున్నాడు. తెల్ల విగ్గు, లావు కళ్లద్దాలు, రూపాయి బిళ్లంత బొట్టుతో బామ్మ బావిగట్టు దగ్గర నిలబడి చూస్తోంది. చూస్తూ చూస్తూ ఎడం భుజం మీద పైట పైకి లాక్కుంది. సరిగ్గా అదే క్షణంలో, భ్రమరాంబ చేతుల కింద, సుగుణకుమారి కూడా పైట లాక్కుంది.

భ్రమరాంబ చేతులు ఆగిపోయాయి. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

“పిన్నిగారూ... మీరు...”

“అవునమ్మా,” అంది ఆవిడ.

“మరి ఆ గొంతు?”

“గొంతు వేరేవాళ్లది. ముఖం నాదే.”

ఖైరున్నీసా మిషను ఆపేసింది. నేను మాత్రం ఆగలేకపోయాను. నా బతుకే అంత. ఆవిడ అక్కడే నిలబడి ఉండగా, ఆవిడ ముఖాన్నే ఎడమ నుంచి, కుడి నుంచి, ఎదురుగా, డప్పులతో చూపించాను. ఆ డప్పులు అంత పెద్దగా ఎప్పుడూ మోగలేదనిపించింది. నాకు తలుపులుంటే మూసేసుకునేవాణ్ణి. ఆవిడ తెర చాటుకెళ్లి జాకెట్టు మార్చుకుని, కొత్తదాన్ని మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ జాకెట్టుని భ్రమరాంబ రెండుసార్లు కుట్టు విప్పి మళ్లీ కుట్టింది. భుజం లోపల పల్చటి మెత్త పెట్టి, రెండు వైపులా సమం చేసింది. తీసుకెళ్లి ఇద్దామని ఆవిడ చెల్లెలి ఇంటి దాకా వెళ్లి, గేటు దగ్గరినుంచి తిరిగొచ్చేసింది. “ఏ ముఖం పెట్టుకుని పోనే నీసా,” అని కూలబడింది. ఆ వారం కొట్టులో ఎవరూ అరవలేదు.

సీరియల్‌కి వెయ్యి ఎపిసోడ్లు నిండిన పండగ, ఆవిడ చెప్పిన ఆ హైదరాబాదు సభ, నాలో వచ్చే రోజు రానే వచ్చింది. ఇద్దరూ పని ఆపేసి కూర్చున్నారు. స్టేజీ మీద కోడళ్లు, విలన్లు, గతం మర్చిపోయినవాడు, అందరూ ఉన్నారు. బామ్మ కోసం వెతుకుతుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. సుగుణకుమారి.

“వెళ్లలేదా పిన్నిగారూ?” భ్రమరాంబ గబుక్కున లేచి ఎదురెళ్లింది. “మావల్లేగా? నా నోరు పడిపోను!”

“మీవల్ల కాదులే. అక్కడ మైకిచ్చి ఏదో అడుగుతారు. నాకు చెవులు సరిగ్గా వినపడవు. వినపడకపోతే మళ్లీ ఆ చూపే చూడాలి, అందరి ముందూ.” స్టూలు లాక్కుని కూర్చుంది. “నీసా చెప్పిందే నిజం. బామ్మ దగ్గరే చెడింది. నేను నాటకాల మనిషిని. కాగితం ముందురోజు ఇస్తే మొత్తం కంఠతా పట్టేదాన్ని. మొదట్లో ఇచ్చారు. తర్వాత తర్వాత అప్పటికప్పుడు రాసేవాళ్లు. కెమెరా వెనకనుంచి కుర్రాడు మాట అందిస్తే విని చెప్పాలి. ఆ బావి సీను రోజు ఎంత చెవి ఒగ్గినా వినపడలేదు. నలుగురి ముందూ తల కొట్టేసినట్టయింది. చివరికి మాటలొద్దు, ఊరికే చూడండి చాలన్నారు. ఆ రోజు నుంచీ అంతే.”

“మీ కొట్టులో మాత్రం అన్నీ వినపడతాయమ్మా,” అని చిన్నగా నవ్వింది. “మీరు గట్టిగా మాట్లాడతారు కదా.”

ఆ మాటకి ఇద్దరూ తలలు దించేసుకున్నారు. ఖైరున్నీసా నెమ్మదిగా లేచి నన్ను కట్టేసింది. భ్రమరాంబ జాకెట్టు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది, కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఆ సీనులో ఏం చెప్పాలి పిన్నిగారూ?”

“షూటింగ్ అయ్యాక కాగితం అడిగి తీసుకున్నాను. ఇప్పుడు కంఠతా వచ్చు.”

ఆవిడ లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. కోడళ్లని వణికించిన ఆ అరువు గొంతు కాదు, కాస్త బొంగురుగా, లోతుగా, ఆవిడ సొంత గొంతు.

“వెళ్లేవాడివి వెళ్లు నాయనా. తలుపు మాత్రం నేను వెయ్యను. నువ్వొచ్చినప్పుడు కొట్టక్కర్లేకుండా.”

ఖైరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా ఆవిడ ముఖంలోకి చూసే ధైర్యం లేక ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఆరిపోయి ఉన్నాను. నా నల్లటి గాజులో ఆవిడ ముఖం కనిపించింది, ఒక్కసారే.