స్వరూప పక్కన సాయంత్రం

స్వరూప పొద్దున పది గంటలకు టైలర్ షాపు షట్టర్ లేపేది. లేపగానే షాపు ముందు పొద్దుగూకేది. రామన్నపేటలో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ వింతపడేవారు కాదు. ఆమె ఎక్కడుంటే అక్కడ, చుట్టూ నాలుగు ఇండ్ల మేర, దీపాలు పెట్టే వేళ. మిర్చి బజ్జీల ఐలేశం తెలివైనవాడు, బండి తెచ్చి ఆమె షాపు పక్కనే పెట్టుకున్నాడు. ఊరంతా ఇడ్లీ తినే వేళకే అతని దగ్గర బజ్జీలు అమ్ముడుపోయేవి.

లాభం ఐలేశానిది, నష్టం స్వరూపది. సాయంత్రమైతే ఎవరైనా ఏం చేస్తారు? ఇంటికి పోతారు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు కూర్చున్నట్టే కూర్చుని, బయటికి చూసి, "అవ్వో, పొద్దువోయింది" అని లేచేవారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు చాయ్ రాకముందే లేచారు. తల్లి పోయాక, పక్కన కూర్చుని ఒక ముచ్చట చివరిదాకా చెప్పిన మనిషి ఆమెకు లేడు. ముప్పై ఆరేళ్లకే ఒంటరితనం ఆమెకు బాగా అలవాటైంది గానీ, ఒక్కరోజు కూడా నచ్చలేదు.

కొత్త జిల్లాలైన ఏడాది, శ్రీకాంత్ అనే డైరెక్టర్ నిజాం కాలం నాటి ప్రేమకథ తీయడానికి, అక్కడ దొరల కాలపు కోటలాంటి గడి ఉందని ఆ ఊరొచ్చాడు. కథలో ఒకమ్మాయి గడి మెట్ల మీద కూర్చుని, జైలుకు పోయినవాడి కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయిలు ఎదురుచూస్తుంటే భోజనాల బండి కోసం చూస్తున్నట్టుంది. చొక్కాకు గుండీ కుట్టించుకుందామని షాపుకొచ్చిన శ్రీకాంత్, స్వరూప మొహాన్నీ దాని మీద పడ్డ వెలుతురునూ చూసి గుండీ సంగతి మరిచిపోయాడు.

"రేపు గడి కాడికి రండి మేడమ్. హీరోయిన్ కోసం ఆడిషన్."

"నాకు యాక్టింగ్ రాదు సార్."

"ఎదురుచూసుడొస్తది గదా."

హీరోయిన్ కావాలని ఆమెకేం లేదు. ఆమె ఆశ వేరే. షూటింగ్ అయ్యేదాకా పక్కన ఒక మనిషి కూర్చుంటాడు. కూర్చోవడమే అతని పని. అబద్ధానికైనా సరే అనుకుంది.

మర్నాడు ఆమె మెట్ల మీద కూర్చోగానే గడి మీద పొద్దుగూకింది. కెమెరామన్ మురిసిపోయాడు. ఆమె ఎదురుచూస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాటలు మానేశారు. అంతవరకూ బాగానే ఉంది. ఇక హీరో రాకేష్ వచ్చి, పక్కన కూర్చుని, "ఇగ నేను యాడికీ పోను" అనాలి.

వచ్చాడు, కూర్చున్నాడు. "ఇగ నేను..." అని ఆకాశం దిక్కు చూసి లేచాడు. "ట్రాఫిక్ ఎక్కువైతది సార్, నేను పోత."

మళ్లీ కూర్చోబెడితే మళ్లీ అంతే. చివరికి శ్రీకాంతే వచ్చి కూర్చున్నాడు. సగం డైలాగులో డ్రైవర్‌ని పిలిచి కారు తీయమన్నాడు.

"మీ తప్పేం లేదు మేడమ్," అన్నాడు నిలబడే. "వచ్చినోడు కూసోకుంటే నా కథ ఒడవదు, ముగింపే ఉండదు."

"జర ఇంకొక్కసారి చూడుండ్రి సార్."

"పొద్దువోయింది మేడమ్."

మధ్యాహ్నం పన్నెండుకు అందరూ సామాన్లు గడిలో సర్దిపెట్టి వెళ్లిపోయారు. స్వరూప అక్కడే కూర్చుని ఏడ్చింది. షాపులోనైతే మిషన్ చప్పుడన్నా ఉండేది.

కాసేపటికి ఒకతను టార్చి పట్టుకుని ఆదరాబాదరాగా ఉరికొచ్చాడు. సినిమావాళ్ల సామాన్లకు రాత్రి కాపలాగా వేరే ఊరి నుంచి తెచ్చిన వాచ్‌మన్ సైదులు. గడి వెనక గదిలో పడుకున్నవాడు, మసక చూసి లేచాడు.

"లేటయింది, ఏమనుకోకమ్మా. పొద్దుగూకింది సూసుకోలే," అంటూ ఆమె పక్కనే కూలబడ్డాడు. టిఫిన్ విప్పి సగం జొన్నరొట్టె ఆమె చేతిలో పెట్టాడు. "రాత్రి డ్యూటీ మనిషిని. ముచ్చట పెట్టెతందుకు నాకెవరు దొరుకుతరు? మంచిగైంది నువ్వున్నవ్."

రొట్టె అయిపోయింది. అతను ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడని స్వరూప చూసింది.

"నువ్వు పోవా?"

"యాడికి? గిప్పుడే గదా డ్యూటీ ఎక్కిన."

"మల్ల ఎప్పుడు దిగుతవ్?"

"తెల్లారినంక."

స్వరూప కళ్లు తుడుచుకుని, ముచ్చట మొదలుపెట్టమంది.

ఆ సినిమా వేరే అమ్మాయితో పూర్తయింది, హాళ్లలోకి వచ్చింది, పోయింది. సామాన్లు ఎప్పుడో హైదరాబాద్ చేరాయి. సైదులు మాత్రం ఇప్పటికీ టైలర్ షాపు గడప మీద కూర్చుని, ఆ రోజు మొదలుపెట్టిన ముచ్చట చెబుతూనే ఉన్నాడు. అతనికి ఇంకా తెల్లారలేదు.