కెమెరాకి నల్ల అద్దం

ఆ రోజు పొద్దున్నే వెల్డరక్క ముఖం రుద్ది రుద్ది కడుక్కుంది. ఏడాదిగా సినిమాల్లో గుంపు వేషాలు వేస్తూ, వీపు తప్ప ఏదీ తెరకెక్కని మనిషి. అలాంటిదానికి ఇవాళ ముఖం కనపడే వేషం దొరికింది.

అంతకుముందు ఆవిడ అన్న షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్స్ అతికేది. చెయ్యి తిరిగిన పని. అది వదిలి నటిస్తానన్న రోజున అన్న చేతిలోని సుత్తి కింద పడేశాడు.

"పిచ్చి గానీ పట్టిందా? మాస్కు పెట్టుకుని బతికినదానివి, ముఖం చూపించి బతుకుతావా?"

"అందుకే అన్నా. ఇన్నేళ్ళూ మాస్కు వెనకాలే ఉన్నా. చాలింక."

షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. రాడ్డు ఇనుముకి తగిలించేముందు "కళ్ళు!" అని గొంతెత్తి అరవాలి. ఆ మెరుపు కళ్ళలో పడకుండా విన్నవాడు ఎంతటివాడైనా ముఖం తిప్పుకోవాలి. అరవడం మరిచినప్పుడల్లా అన్న మొట్టికాయలు వేసి నేర్పాడు. అది ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో పొయ్యి వెలిగిస్తూ కూడా "కళ్ళు!" అనేది. "నా పొయ్యికి సైరనేమిటే తల్లీ!" అని వదిన పొట్ట పట్టుకుని నవ్వేది.

ఇప్పుడొచ్చింది కూడా వెల్డర్ వేషమే. సమ్మె చేసే కార్మికుల మీద సినిమా. మాటల్లేవు. ఇనుము అతుకుతూ తలెత్తి చూడాలి, అంతే. మెషీను కూడా ఆవిడే అన్ననడిగి తెచ్చింది. "పాడుచేస్తే వీపు చిట్లగొడతా" అంటూనే అన్న వైరంతా తనే చుట్టి ఆటోలో పెట్టాడు.

సెట్టులో దర్శకుడు ఆవిడ్ని ఎగాదిగా చూశాడు. "మాస్కు తీసెయ్యమ్మా. నీ కళ్ళలో నిప్పు కనపడాలి. అదీ షాటు."

"కళ్ళు మండిపోతాయి సార్."

"తెలుసు. ఒక్క నిమిషం పని. రాత్రికి చుక్కల మందు వేసుకో. మాస్కు పెట్టుకుంటే నువ్వైతేనేం, ఇంకొకరైతేనేం?"

ఒప్పుకుంది. కళ్ళు తనవి, ఆశ తనది. ఆశ ఎంత సిగ్గుమాలిందో ఆశపడ్డవాళ్ళకే తెలుసు.

దర్శకుడు వెనకాల నిలబెట్టిన గుంపు వైపు తిరిగాడు. "మీరంతా ఆ వెలుగు వైపే చూడాలి. రెప్ప వేశారంటే షాటు పోయినట్టే."

గుంపు ముందు వరసలో చాప పెద్దమ్మ ఉంది. ఎక్కడ షూటింగ్ అయినా చంకలో చాపతో వచ్చే ముసలావిడ. ఏడాదిగా వెల్డరక్క నడుం వాల్చింది ఆ చాప మీదే.

కెమెరా అసిస్టెంటు లెన్సుకి నల్ల అద్దం బిగిస్తున్నాడు.

"దానికెందుకు బాబూ?" అంది వెల్డరక్క.

"వెలుగు తగిలితే పాడవుతుందక్కా. ఖరీదైన సరుకు."

కెమెరా తిరిగింది. వెల్డరక్క రాడ్డు ఎత్తింది. "కళ్ళు!" అని అరిచేసింది. గుంపు ఉలిక్కిపడింది.

"కట్! ఎవరమ్మా నిన్ను అరవమంది?"

"అలవాటు సార్."

రెండోసారీ అంతే. ఈసారి సెట్టంతా గొల్లున నవ్వింది. దర్శకుడు నవ్వలేదు. "కళ్ళూ లేవు, కాళ్ళూ లేవు! ఇంకోసారి నోరు లేచిందంటే ఇంటికే!"

లైట్లు సర్దుతుంటే చాప పెద్దమ్మ గుసగుసగా అడిగింది. "ఎందుకే ఆ కేక?"

"తిన్నగా చూస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది పెద్దమ్మా."

"నాకు ఒక కంటికి పొర ఉండనే ఉంది. ఆ రెండోదీ పోతే నీ సినిమా ఎవరు చూస్తారే?" అని బోసినోటితో నవ్వింది. "సర్లే, నువ్వు కానీ. నీ ముఖం పడితే చాలు. మేం చూస్తాంలే."

మూడోసారి. వెల్డరక్క పళ్ళు బిగబట్టింది. రాడ్డు ఎత్తుతూ ఓరగా చూసింది. చాప పెద్దమ్మ, చెప్పిన మాట వినే పిల్లలా, కళ్ళు విప్పార్చి నిలబడి ఉంది. ఇటు పక్క కెమెరా, నల్ల అద్దం పెట్టుకుని దర్జాగా. అరికాలి మంట నెత్తికెక్కింది.

"కళ్ళు!" ఇది అలవాటు కాదు. "అందరూ అటు తిరగండి! ఎవరూ చూడొద్దు!"

గుంపు గుంపంతా వీపులు తిప్పేసింది.

దర్శకుడు కుర్చీ తన్నేసి వచ్చాడు. "బుద్ధుందా? మీలాంటి వాళ్ళ కోసమే కదా ఈ సినిమా తీస్తున్నది!"

"మా కోసం తీసే సినిమాకి మా కళ్ళే కావాల్సొచ్చాయా? కెమెరాకి అద్దం పెట్టారే! వీళ్ళకి మాత్రం రెప్ప కూడా వేయొద్దంటారా?"

"పో బయటికి!"

ఆవిడ బయటికి నడిచింది. కాసేపటికి సినిమా మేనేజరు బతిమాలుతూ వచ్చాడు. "అక్కా, మాస్కు పెట్టుకునే చెయ్యి. నీ చేతుల వరకే షాటు తీసుకుంటాం. ముఖం హీరోయిన్‌ది పెడతాం. ఆవిడ ముందు ఉత్తి లైటు ఆర్పి వెలిగిస్తే సరిపోతుంది."

"ఆవిడకి ఉత్తి లైటు సరిపోతుందా?"

"ఆవిడ కళ్ళు కదక్కా" అన్నాడు, లోకంలో అందరికీ తెలిసిన మాట చెప్పినట్టు.

వెల్డరక్క మళ్ళీ సెట్టులోకి వెళ్ళి ప్లగ్గు పీకింది. వైరు మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"మెషీను ఉంచు అక్కా! షాటు ఆగిపోతుంది!"

"మెషీను మా అన్నది. చేతులు నావి. దారిలోంచి లే."

చాప పెద్దమ్మ ఒక్కతే చాప చుట్టుకుని వెంట వచ్చింది. మిగతావాళ్ళు కదల్లేదు. వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగాలి. వాళ్ళ మీద ఆవిడకి కోపం రాలేదు. కోపమంతా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ కోసమే దాచుకుంది.

షెడ్డు ముందు ఆటో ఆగింది. అన్న ముందు మెషీను చుట్టూ తిరిగి తడిమి చూశాడు. తర్వాతే చెల్లెల్ని చూశాడు.

"పడిందా ముఖం?"

"పడలేదు." జరిగిందంతా చెప్పింది.

అన్న వైరు చుట్ట తీసి గోడకి తగిలించాడు. "రేపటినుంచి పనిలోకొస్తావా మరి?"

"రాను. ఇంకో సినిమావాళ్ళ గేటు దగ్గర నిలబడతా."

"అక్కడా రెప్ప వేయొద్దంటే?"

"అక్కడా అరుస్తా."