పెద్దల్లుడి నీడ

పెద్దల్లుడు రోజూ ఎనిమిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరతాడు. ఆయన నీడ మాత్రం గుమ్మం దగ్గర రెండు నిమిషాలు బతిమాలించుకుంటుంది. భార్య చీపురు తీసుకుని "పద పద, సాయంత్రం వచ్చేస్తావుగా" అని సాగనంపితే, కాళ్ళీడ్చుకుంటూ వెనకాల వెళ్తుంది. బీమా కంపెనీలో పదమూడేళ్ళుగా ఆయన పని ఒకటే. నుజ్జయిన కార్ల ఫొటోలు చూసి, పరిహారం ఇవ్వొచ్చో లేదో రాయడం. జీతం దండిగా వస్తుంది. నీడ పది గంటలకల్లా బల్ల కింద పడుకుంటుంది. సెక్షన్లో వాళ్ళు దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు.

ఆయన తోడల్లుడు టీవీ స్టేషన్లో టెక్నీషియన్. అత్తగారింట్లో అందరికీ చిన్నల్లుడు. జీతం పెద్దల్లుడి దాంట్లో సగం. అయినా భోజనాల దగ్గర కూర్చుని, "ఇవాళ ఒకటే వాన అన్నయ్యా! లైవ్ మధ్యలో రెండో కెమెరా చచ్చింది. మిగిలిన మూడింటితోనే గంటన్నర లాక్కొచ్చాం. చూసేవాళ్ళకి అనుమానమే రాలేదు" అని చెప్తున్నప్పుడు ఆ మొహం చూడాలి. పెద్దల్లుడు చూడలేడు. గ్లాసులో నీళ్ళు చూస్తాడు. కడుపు భగ్గున మండుతుంది. తక్కువ జీతంవాడు ఎక్కువ జీతంవాణ్ణి చూసి ఏడవడం లోకంలో ఉన్నదే. ఇదేం ఏడుపో, ఎవరితో చెప్పుకున్నా నవ్విపోతారు.

ఆ మంటతోనే ఏడాదిపాటు ఆదివారాలు వెళ్ళి ప్రసారాల కోర్సు చదివాడు. ఫస్టున ప్యాసయ్యాడు కూడా. అంతలో స్టేషన్లో ఒక ఖాళీ పడింది. కంట్రోల్ రూములో కూర్చుని, నాలుగు కెమెరాలు పంపే బొమ్మల్లోంచి ఒక్కదాన్ని ఎంచి, బటన్ నొక్కి జనానికి చూపించాలి. వారం రోజులు వచ్చి పని చేసి చూపించమన్నారు.

"సగం జీతంతో ఇల్లు నడుస్తుందా?" అని భార్యని అడిగాడు.

"కుంటుతుంది. మీరు నవ్వుతూ ఇంటికొస్తానంటే కుంటించుకుంటూనే నడుపుతాను. ఏదో ఒకటి తేల్చండి గానీ, ఇలా గోడమీద పిల్లిలా కూర్చోకండి."

ఆయన తేల్చలేదు. వారం సెలవు పెడితే జీతం కోత, పైగా ఏడాదంతా మానకుండా వచ్చినందుకు ఇచ్చే బోనస్ గల్లంతు. రేపొచ్చేది వస్తుందో రాదో, చేతిలోది ఎందుకు జారవిడుచుకోవడం?

"నువ్వెళ్ళు," అన్నాడు నీడతో. "కోర్సుకి ఇద్దరం కలిసే వెళ్ళాంగా."

సోమవారం నీడ బతిమాలించుకోలేదు. చిన్నల్లుడి బండి వెనక ఎక్కి కూర్చుంది.

సాయంత్రం దాన్ని దింపుతూ చిన్నల్లుడు, "ఏం చెయ్యి అన్నయ్యా నీ నీడది! డైరెక్టరు నోరు తెరిచేలోపే వేలు బటన్ మీద ఉంటోంది" అన్నాడు. పెద్దల్లుడు ఏడవలేక నవ్వాడు. గోడమీద నీడ ఇంకా వేళ్ళు ఆడిస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ తోడల్లుణ్ణి చూసి కుళ్ళుకున్నవాడు, ఆ వారమంతా సొంత నీడని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. నిటారుగా నిలబడుతోంది. తనకన్నా వయసులో చిన్నదానిలా కనిపిస్తోంది.

ఎనిమిదోనాటికి ఇక తట్టుకోలేకపోయాడు. బోనస్ పోతే పోయిందని సెలవు చీటీ పడేసి స్టేషన్‌కి పరుగెత్తాడు.

"చేరతానండీ. సగం జీతమైనా సరే," అన్నాడు చీఫ్ ఇంజినీరుతో.

"ఆలస్యం చేశారండీ. మీ నీడని పన్లోకి తీసేసుకున్నాం."

"అది నాదండీ!"

"కాదన్నానా? రిజిస్టర్లో మీ పేరే రాసుకున్నాం. కానీ వారం రోజులూ పని చేసింది అది. మీరీ గదిలో ఒక్కపూటైనా కూర్చున్నారా?"

"మరి దాని జీతం?"

"అది అడగలేదండీ."

అద్దం అవతల నీడ నాలుగు తెరల ముందు కూర్చుని ఉంది. పెద్దల్లుడు అద్దం మీద తట్టాడు. అది వెనక్కి తిరగలేదు. లైవ్ నడుస్తోంది.

ఆదివారం పొద్దున ఊళ్ళో పరుగుపందెం. ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. గెలిచినవాడు చేతులెత్తి వస్తున్నాడు, జనం అరుస్తున్నారు. ఉన్నట్టుండి తెర మారింది. ఎక్కడో వెనక రోడ్డుమీద పడిపోయిన ఒక నడివయసు ఆడమనిషి, మోకాలు తుడుచుకుని లేస్తోంది. భార్య కళ్ళు తుడుచుకుంది. పెద్దల్లుడి వేలు కుర్చీ చేతిమీద సరిగ్గా తెర మారిన క్షణానే నొక్కుకుంది. అది ఎవరూ చూడలేదు.

చివర్లో పేర్లు పడ్డాయి. అందులో ఆయన పేరు ఉంది. కాసేపటికే పక్కింటాయన గుమ్మంలోకొచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఉద్యోగం మారారని చెప్పనేలేదేమండీ! అద్భుతంగా చేశారు. ఎలా ఉంది కొత్త పని, హాయిగా ఉందా?"

పెద్దల్లుడు తన కాళ్ళ కిందికి ఒకసారి చూసుకున్నాడు.

"చాలా హాయిగా ఉందండీ," అన్నాడు.