పది ఖర్జూరపు గింజలు

ఓటు ఎలా వేయాలో ఆ తోటలో అందరికీ నేర్పింది నేనే. ఆ గొప్ప ఇప్పుడు ఎక్కడా చెప్పుకోను.

2007 జూన్‌లో తుఫాను ఒమాన్‌లోని ఖురియాత్‌ను ముంచిపోయాక మా తోట బావిలోకి సముద్రపు ఉప్పు దిగింది. చెట్లకే పనికిరాని ఆ నీళ్లను నెల రోజులు తాగాం. మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించమని అడిగిన పెంచలయ్యను మా యజమాని అర్బాబు రెండో రోజే పని పీకేసి ఇంటికి విమానం ఎక్కించాడు. అర్బాబు ముసలాయన, కర్ర లేనిదే లేవలేడు. అయినా మా పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలోనే ఉన్నాయి. తోటలో పదకొండు మందిమి మిగిలాం.

మాలో షఫీకి విరేచనాలు పట్టుకున్న రోజు ఎవరం డ్యూటీకి దిగలేదు. షెడ్డు ముందు కూర్చున్నాం. ఎవరైనా ఒక్కడు వస్తేనే మాట్లాడతానని అర్బాబు కబురు పంపాడు. వెళ్లినవాడికి పెంచలయ్య గతే అని అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

"ఓట్లేద్దాం" అన్నాను.

"రాజు ఏలే దేశంలో ఓట్లేంది లచ్చన్నా?" అన్నాడు షఫీ నీరసంగా.

"దేశం రాజుది. గిలాసలు మనయే గదా!"

మా స్టీలు గ్లాసుల మీద ఊళ్లోనే పేర్లు కొట్టించుకొచ్చాం. వాటిని వంటగదిలో వరసగా పెట్టించాను. ఒక్కొక్కరూ లోపలికి పోయి, తాము పంపాలనుకున్నవాడి గ్లాసులో ఒక ఖర్జూరపు గింజ వేసి రావాలి. అర్బాబు బండి వస్తే కేకేయమని రఘుపతిని గేటు దగ్గర కాపలా పెట్టాను. మా పక్క ఊరివాడు, నోరారా అన్నా అని పిలుస్తాడు.

నేర్పినవాణ్ణి కదా, ముందు నేనే వెళ్లాను. గ్లాసుల ముందు నిలబడ్డాను. బయట కూర్చున్నవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. ఎదురుగా లేనివాడి పేరు తేలిగ్గా కనిపించింది. రఘుపతి గ్లాసులో వేశాను.

నా వెనక వెళ్లినవాళ్లకు నా గింజే దారి చూపినట్టుంది. చివరికి చూస్తే పది గింజలూ ఆ గ్లాసులోనే ఉన్నాయి. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

రఘుపతిని పిలిచాం. గ్లాసు ఎత్తి కుదిపి చూశాడు.

"పదికి పదా? అందరు నన్నే అన్నరా?" వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ఇంట్ల బర్రెను కొన్నప్పుడు సుత నన్నెవ్వరు అడగలేదే!"

దాచుకున్న తెల్ల చొక్కా వేసుకుని, అదే గ్లాసులో బావి నీళ్లు పట్టుకుని అర్బాబు ఇంటికి బయల్దేరాడు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. సిగ్గుతో చచ్చాను, అంతే. నా సిగ్గు వాడికెందుకు?

మూడో రోజు పొద్దున ట్యాంకర్ వచ్చింది. దానికి దారి ఇస్తూ గేటు పక్కన ఆగిన బండిలో రఘుపతి ఉన్నాడు, ఒళ్లో సంచితో. ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతున్నారు. ఉన్నదంతా చెప్పేద్దామని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. చెప్పబోయి ఏడ్చేశాను.

"ఏడ్వకే అన్నా. మంచినీళ్లు వచ్చినయ్ గద" అన్నాడు. బండి కదులుతుంటే చెయ్యి బయటపెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కటి చెప్పు. నువ్వు సుత నాకే ఏసినవా?"

"అందరికన్న ముందుగాల నేనే ఏసిన తమ్మీ."

వాడి మొహం వెలిగిపోయింది. నేను చెప్పింది అక్షరాలా నిజం. అబద్ధమైనా బాగుండేది.