మునిస్వామి పేరున రక్తం

సాల్మన్ రాజు బతుకంతా బండ్లకూ, ఆవులకూ, అంగళ్లకూ బీమా కట్టించడంతోనే గడిచింది. మదనపల్లె మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఇల్లు, పుంగనూరు నుంచి కుప్పం దాకా తిరుగుడు. ఆవు చచ్చి ఏడుస్తూ వచ్చే రైతునూ, బండి గుద్దుకుని అరుస్తూ వచ్చే డ్రైవరునూ ఓదార్చడం అతనికి బాగా తెలుసు. ఎదుటి మనిషి ముఖం చూసి "నువ్వు పోతే నీవాళ్ళ గతేమి?" అని అడగడం మాత్రం ఎన్నడూ చేతకాలేదు.

ఇప్పుడు కంపెనీ అదే అడగమంటోంది. కుప్పంలో ఏసీ గదిలో కూర్చునే మేనేజరు సుబ్రమణ్యం ఫోన్‌లో సెలవిచ్చాడు. "బండికి కట్టినోడు మనిషికి కట్టడా? ఆవుకు కట్టినోడు తనకు కట్టుకోడా? మనల్ని నమ్మినోళ్ళు చేతిలో ఉంటే కొత్తోళ్ళ కోసం యాల తిరగల్లప్పా?" నెలాఖరులోగా ఒక్క జీవిత బీమా అయినా చేయించకపోతే నీ ఊళ్ళన్నీ ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా అన్నాడు. చెప్పేవాళ్ళకేం, నోరుంటే చాలు.

అట్లా వెళ్ళాడు చౌడేపల్లె దగ్గర మునిస్వామి ఇంటికి. పుంగనూరు డెయిరీకి పాలు తోలే మునిస్వామికి ఆవులన్నిటికీ, పాల వ్యానుకూ బీమా కట్టించింది సాల్మన్ రాజే. సంగతి వినగానే మునిస్వామి భార్య సుభద్రమ్మ పకపకా నవ్వింది.

"బీమా కట్టిన ఆవు చెవికి బిళ్ళ గుచ్చినట్టు మా ఇంటాయన చెవికీ గుచ్చుతావా ఏమప్పా?"

"చెవికి కాదక్కా, చేతికి. పరీక్షకు రవ్వంత రక్తం తీస్తారు, అంతే."

అక్కడే వచ్చింది తంటా. ఆవులకు తానే సూదులు పొడిచే మునిస్వామికి తన ఒంట్లో సూది దిగడమంటే ప్రాణం పోయేంత భయం. ల్యాబు నుంచి శేఖర్ అనే అతను వచ్చి, ఆధార్ కార్డు చూసి, ఫోటో తీసుకుని, సూది బయటికి తీశాడో లేదో మునిస్వామి లేచి కొట్టంలోకి పోయాడు. ఆవు వెనక నిలబడి ఎంత బతిమాలినా రానన్నాడు.

"కుప్పంలో ఇంకా ఇద్దరుండారు సార్. యాదో ఒగటి తేల్చండి," అన్నాడు శేఖర్ విసుగ్గా.

సుభద్రమ్మ లోపల పాలు కాస్తోంది. మునిస్వామి ఎద్దులాంటి మనిషి, ఏ జబ్బూ లేదు, రక్తం ఎవరిదైతే మాత్రం ఏం పోయింది అనుకున్నాడు సాల్మన్ రాజు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాది తీసుకోబ్బా, పని కానీ." మునిస్వామి కొట్టంలోంచే చూస్తూ ఊరటగా నవ్వాడు. సాల్మన్ రాజు రక్తం నిండిన సీసా మీద మునిస్వామి పేరు అంటించుకుని శేఖర్ వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే సాల్మన్ రాజు ఫోన్‌కు కంపెనీ నుంచి కబురొచ్చింది. మునిస్వామికి బీమా ఇవ్వడం కుదరదు, ఆరోగ్య కారణాలు. చేతిదాకా వచ్చింది జారిపోయిందే అని ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత అర్థమైంది. కంపెనీ వద్దన్నది మునిస్వామిని కాదు, తనను.

కబురు మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఏ జబ్బు? అందులో రాయలేదు. ఉన్నపళాన బస్సెక్కి కుప్పం పోయాడు.

"అది నాకూ చెప్పరప్పా," అన్నాడు సుబ్రమణ్యం. "ఆరోగ్యం సంగతి కస్టమరుకు మాత్రమే చెప్తారు. వాళ్ళ డాక్టరే ఫోన్ చేస్తాది. అయినా నువ్వు యాల అంత ఇదైపోతాండావు? ఆయప్ప పోతే ఇంకొకడు. నిమ్మనపల్లెలో ట్రాక్టరోళ్ళు లేరా?"

నాది అని చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే తన ఒంట్లో ఏముందో తనకే తెలియదు. సాల్మన్ రాజు లేచి వచ్చేశాడు.

తిరుగు బస్సులో చెప్పులు విప్పి కాళ్ళు చూసుకున్నాడు. పాదాల మీద చెప్పుల వార్లు దిగిన గుంటలు అట్లాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ తిరుగుడు వల్ల వాపు అనుకున్నాడు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం వయసు వల్ల అనుకున్నాడు. ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందరికీ బీమా కట్టించేవాడికి తన పేరున ఒక్క పాలసీ కూడా లేదు. ఇక ఏ కంపెనీ ఇస్తుంది? భార్య జాస్మిన్, కాలేజీలో చేరబోతున్న కూతురు సుహాసిని కళ్ళ ముందు మెదిలారు. భయమేసింది, చిన్నపిల్లాడికి చీకట్లో వేసేంత భయం.

ఇంటి నుంచి నాలుగడుగులు వేస్తే ఆసుపత్రి. మర్నాడు గేటు దాకా పోయాడు. లోపలికి పోతే తెలిసిపోతుంది. తెలిస్తే ఇక తెలియనట్టు ఉండలేడు. గేటు పక్క బండి దగ్గర అరటిపండ్లు కొనుక్కుని వెనక్కి తిరిగాడు. జాస్మిన్ "ఏమయ్యా, అట్లున్నావు?" అంటే ఎండ అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, సీసాలు తారుమారై ఉండాలి ప్రభువా, అది ఇంకెవరిదో అయ్యుండాలి అని ప్రార్థించాడు. ఎవరికి రావాలని అడుగుతున్నానో అని తట్టేసరికి ఆమెన్ అనలేకపోయాడు.

మునిస్వామికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. చివరికి అతనే చేశాడు. "ఒగసారి ఇంటికి రాప్పా. ఫోన్లో వొద్దు," అని పెట్టేశాడు.

చౌడేపల్లె దాకా ఆటోలో ఎట్లా పోయాడో సాల్మన్ రాజుకే తెలియదు. మునిస్వామి పంచలో మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఎప్పుడూ ఎదురొచ్చి ఆటపట్టించే సుభద్రమ్మ ఈసారి తల వంచుకుని లోపలికి పోయింది.

"డాక్టరమ్మ ఫోన్ జేసింది," అన్నాడు మునిస్వామి. "మునిస్వామేనా అనింది. ఔనన్నా. ఇంత ముదిరేదాకా ఏం జేస్తాండావని నన్నే తిట్టింది. పక్కనుండి ఇనేసి మా ఆడది కింద పడిపోయింది. అప్పుడు సెప్పినా, అది నా రక్తం కాదే, సాల్మనుది అని."

"ఏం ముదిరిందంట అన్నా?"

మునిస్వామి కొట్టం వైపు తిరిగాడు. సుభద్రమ్మ గ్లాసులో మజ్జిగ తెచ్చింది. మొగుడు దక్కాడన్న సంతోషం ఆమె ముఖంలో తెలుస్తూనే ఉంది. దాన్ని దాచుకోలేక సిగ్గుతో చచ్చిపోతోంది. సాల్మన్ రాజు చెయ్యి చాచాడు.

"ఉప్పేసినావా?" అన్నాడు మునిస్వామి.

"ఏసినా."

"అది నాకియ్యి. ఆయప్పకు ఉప్పు లేకుండా తీసకరా."

చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

"కిడ్నీలంటప్పా," అన్నాడు మునిస్వామి మెల్లగా. "ఉప్పు ముట్టుకోవద్దనింది. పెద్దాస్పత్రిలో సేరిపోవాలంట, ఈ వారంలోనే."

"రెండూనా అన్నా?"

మునిస్వామి తలూపాడు.

"నాకు యాడా నొప్పి లేదే అన్నా," అన్నాడు సాల్మన్ రాజు. ఆ మాట ఎవరితో అంటున్నాడో అతనికే తెలియలేదు. తన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకోవడం కూడా మరిచిపోయాడు.

సుభద్రమ్మ ఇంకో గ్లాసు తెచ్చి, ఆ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"సప్పగా ఉంటాది. తాగప్పా," అంది.