ముసలోడి మేత

ఆరో వాటా నరుకుతుంటే కత్తి ఎముకలో ఇరుక్కుంది. అతను మొద్దుకి మోకాలు ఆన్చి, పిడి అటూ ఇటూ ఊపి లాగాడు. ఎముక పెచ్చు ఎగిరి గడ్డానికి తగిలింది. మోచేత్తో తుడుచుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా పొద్దున లేస్తే ఇదే పని. జూలో మాంసం కొట్టే గది అంటే నాలుగు తడి గోడలు, నడుమెత్తు చెక్క మొద్దు, నేలలో నెత్తురు పోవడానికి ఒక కన్నం, అంతే. నాలుగు పులులకి, రెండు చిరుతలకి, ఒక సింహానికి పశుమాంసం నరికి, తూచి, తొట్లలో వేసి తోసుకెళ్ళాలి. ఆ కంపు అతని గోళ్ళ కింద, చెవుల వెనక, చొక్కా కుట్లలో కాపురం పెట్టింది. బస్సులో అతని పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ఇంటి వెనక కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బు రుద్దుకుంటే గానీ భార్య గడప దాటనివ్వదు. ప్రార్థన మందిరంలో అతని చోటు ఆఖరి వరుస చివర, చెప్పులు విడిచే తలుపు దగ్గర. అక్కడ కూర్చోమని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఏడో వాటా ఇవాళ నరకలేదు. సింహం తిండి మాని ఐదు రోజులైంది. జూలో అందరూ దాన్ని ముసలోడనే అంటారు. రెండేళ్ళ పిల్లగా వచ్చింది, ఇప్పుడు ఇరవై ఒకటి. పైకోరలు రాలిపోయాయి. వెన్నెముక దుప్పటి కింద తాడులా పైకి తేలింది.

పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి చూసింది. మూత్రపిండాలు చెడిపోయాయంది, మత్తు సూది వేస్తే ఆ మత్తులోనే పోతుందంది. కమ్మీల పక్క తొట్టిలో నీళ్ళు మార్పించి, అందులో తనే మందు కలిపింది.

“సాయంత్రంలోపు ఈ నీళ్ళు తాగిందంటే ఇంకొన్నాళ్ళు లాక్కొస్తాం. తాగకపోతే నేను చేసేదేం లేదు. ఇవాళ ఇటు ఎవర్నీ రానివ్వకు.”

అతను దారికి అడ్డంగా తాడు కట్టాడు. ముసలోడు అవతలి గోడ నీడలో పడుకుని ఉన్నాడు. తొట్టికీ వాడికీ మధ్య ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ వాడు నడవాలి, ఇవాళ కావలసిందల్లా అదే.

ఇటు జనం ఎగబడితే తప్పు అతనిదే, అది అతనికి తెలుసు. సోమవారం ముసలోడు గోడ వార మొలిచిన గడ్డి రెండుసార్లు కొరికి నమిలాడు. అతను కాళ్ళూ చేతులూ కడుక్కోకుండానే ఇంటికి పరిగెత్తి, “ముసలోడు గడ్డి తిన్నాడే!” అని భార్యకి చెప్పాడు. ఆమె ఆ నిమిషమే తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ తమ్ముడే మందిరానికి పాస్టరు.

మందిరంలో రెండేళ్ళుగా ఒకటే రగడ. రాబోయే మంచికాలంలో సింహం ఎద్దులా గడ్డి తింటుందని బైబిల్లో ప్రవక్త ఒక మాట చెప్పాడు. ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకోవాలి, సింహమంటే సింహమే, గడ్డంటే గడ్డే అని బావమరిది వాదన. అదంతా పోలిక, సింహమంటే జనాన్ని పీడించే పాలకుడు, గడ్డంటే అణకువ అని రిటైరైన మాస్టారి వాదన. మందిరం నిలువునా చీలింది. కుడివైపు వాళ్ళు ఎడమవైపు వాళ్ళ పాటల పుస్తకం ముట్టుకోరు. ఒకావిడ ఆసుపత్రి పాలైతే చూడ్డానికి కూడా రెండు జట్లుగానే వెళ్ళారు. ఛీ, దేవుడి పేరు పెట్టుకుని ఇదేం బతుకు అని అతనికి ఎన్నిసార్లు అనిపించిందో. నోట్లో నాలుక లేని మనిషి కనక అననే లేదు.

మంగళవారం పొద్దున వచ్చి చూస్తే ముసలోడు ఆ గడ్డంతా కక్కేసి ఉన్నాడు, నెత్తుటి చారలతో. ఆ కక్కు అతనే చేతుల్తో ఎత్తాడు. కడుపులో బాధ పుడితే ఈ జాతి గడ్డి కొరుకుతుంది, కక్కడానికి. పిల్లి కూడా కొరుకుతుంది. సాయంత్రం ఆ సంగతి చెప్తే భార్య ఊఁ అంది. బావమరిదికి చెప్తే అది సాతాను పెట్టిన పరీక్ష అన్నాడు. వాళ్ళకి కావలసిన ముక్క ముందే చెవిన పడిపోయింది, రెండో ముక్కకి చోటు లేదు.

పదకొండింటికి నలభై మంది వచ్చారు. ముందు బావమరిది, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో. వెనక ఆడవాళ్ళు, గుప్పెట్లో పచ్చగడ్డి కట్టలు. వాటిల్లో ఒక కట్ట అతని భార్య చేతిలో. ఐదు నిమిషాల తేడాతో మాస్టారు తన వాళ్ళని వెంటేసుకుని దిగాడు, జనం తప్పుదారి పడుతుంటే చూస్తూ ఊరుకోలేనంటూ.

అతను తాడు చూపించాడు. డాక్టరమ్మ మాట చెప్పాడు. నీళ్ళ సంగతి రెండుసార్లు చెప్పాడు.

“మనవాళ్ళేలే బావా,” అంటూ బావమరిది తాడు పైకెత్తి పట్టుకున్నాడు. రెండు జట్ల వాళ్ళూ దాని కిందనుంచి వంగి వచ్చారు.

వచ్చి ఊరుకుంటేనా! గడ్డి కట్టలు కమ్మీల్లోంచి విసిరారు. కొన్ని తొట్టిలో పడ్డాయి. ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఒకాయన వీడియోలో బాగా రావడం లేదని కమ్మీల మీద తాళంచెవుల గుత్తితో టకటక కొట్టాడు. ముసలోడు తల కూడా ఎత్తలేదు, చెవి మాత్రం వణికింది. మాస్టారు కమ్మీలకి వీపు ఆనించి నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. సింహమంటే సింహం కాదు అని ఆయన చెప్తుంటే, ఆయన వెనకే సింహం ఆయాసంతో డొక్కలెగరేస్తోంది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదా పెద్దమనిషి! మాట మాటకీ నోట్లోంచి తుంపరలు పడుతున్నాయి. అవతల బావమరిది గొంతు పెంచాడు. ఇవతల మాస్టారు ఇంకా పెంచాడు.  ముప్పై ఒక్క ఏళ్ళు పచ్చిమాంసం మధ్య నిలబడ్డా అతనికి రాని వాంతి, సెంటు పూసుకున్న ఈ మనుషుల మధ్య గొంతుదాకా వచ్చింది.

ఒంటిగంట దాటింది. నీళ్ళు అలాగే ఉన్నాయి. అప్పుడు బావమరిది అతని భుజం మీద చెయ్యి వేశాడు, మొదటిసారిగా.

“ఒక్కసారి పిలువు బావా. నీ మాటైతే వింటుంది.”

భార్య కూడా కళ్ళతోనే బతిమాలింది. అతను తొట్టి వైపు చూశాడు. పిలిస్తే వస్తాడు. వస్తే తాగుతాడేమో. ఒక్కరు నోరు మెదిపినా ఊరుకోనని అందరికీ చెప్పాడు. సరే సరే అన్నారు, మాస్టారితో సహా. తొట్టిలోని గడ్డి దేవి బయట పారేసి, కమ్మీల దగ్గర గొంతుకూర్చున్నాడు.

“రారా. రా నాయనా.”

ముసలోడు కళ్ళు తెరిచాడు. ముందు కాళ్ళు కూడదీసుకున్నాడు. లేచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. మళ్ళీ వేశాడు. మధ్యలో ఒకసారి కూలబడి, అతని గొంతు విని మళ్ళీ లేచాడు. తొట్టి దాకా వచ్చి తల వంచాడు.  నాలుక బయటికి వచ్చింది. తొట్టి అంచుకి అంటుకుని మిగిలిపోయిన గడ్డిపరక ఒకటి వాడి పెదవికి తగులుకుంది.

“తింటోంది!” అని ఒక ఆడగొంతు అరిచింది. అంతే, ఇరవై గొంతులు హల్లెలూయా అని లేచాయి. తినలేదు, ముట్టుకుంది అంతే అని మాస్టారి జట్టు అంతకు రెట్టింపు అరిచింది. ముసలోడు తల విదిలించి వెనక్కి తగ్గాడు. వెనక కాళ్ళు మెలికపడ్డాయి. పడి, లేచి, ఆ ఇరవై అడుగులూ ఈడ్చుకుంటూ వెళ్ళి గోడ వార వాలిపోయాడు. నీళ్ళు ముట్టనే లేదు.

“పొండి,” అన్నాడు అతను. గట్టిగా అనలేదు. ఆ మొహం చూసి కాబోలు, కదిలారు. భోజనాల వేళ కూడా అయింది మరి. రెండు జట్లూ గెలిచామనుకునే వెళ్ళాయి. గేటు దాకా ఆ గోల వినిపిస్తూనే ఉంది. భార్య మాత్రం వెళ్ళలేదు.

ఆ తర్వాత అతను చాలాసేపు పిలిచాడు. మూడున్నరకి డొక్క ఎగరడం నెమ్మదించింది. కాసేపటికి ఆగింది. మళ్ళీ ఎగురుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. ఎగరలేదు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది. తిరిగొచ్చి, చెప్పడానికి సిగ్గుపడుతూనే చెప్పింది.

“ఆదివారం మిమ్మల్ని ముందుకొచ్చి సాక్ష్యం చెప్పమంటున్నాడండీ. గడ్డి తినడం కళ్ళారా చూశారు కదా అని. ఇది పోయిన సంగతి మాత్రం అప్పుడే ఎవరికీ చెప్పొద్దట.”

అతను కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. 

“నేనూ నిజమనుకున్నానే. మన పెళ్ళైన కొత్తలో మీ మందిరంలో మొదటిసారి విన్నాను ఆ మాట. సింహం గడ్డి తినే రోజంటూ వస్తే, ఇంక నేను ఈ నరుకుడు నరకక్కర్లేదు కదా అనుకున్నాను. రోజూ కత్తి ఎత్తినప్పుడల్లా అనుకున్నాను. నీకూ చెప్పలేదు. సోమవారం నీ దగ్గరికి అలా పరిగెత్తుకొచ్చింది అందుకే.” గోడ వారకి తల తిప్పి చూశాడు. “ఆదివారం నేను రాను. మీవాడి వైపూ కాదు, మాస్టారి వైపూ కాదు. అది నొప్పికి తిన్నది.”

 ఆమె గుప్పెట్లో గడ్డి కట్ట ఇంకా అలాగే ఉంది. ఎక్కడ పడెయ్యాలో తోచక పట్టుకునే నిలబడింది.

ఐదింటికి బండి వచ్చింది. ఆరుగురు పట్టి ముసలోణ్ణి ఎక్కించారు. బండి వెళ్ళాక అతను గడ్డి ఊడ్చాడు, తొట్టి బోర్లించాడు, పైపు పట్టి గచ్చంతా కడిగాడు. కమ్మీలు కూడా ఒక్కొక్కటే కడుక్కుంటూ వచ్చి, చివరిదాని దగ్గర నీళ్ళు కట్టేశాడు. వాడు ఏళ్ళ తరబడి మెడ రుద్దుకున్న చోట ఆ ఇనుము అరిగి నున్నబడింది, కింది మేకు తలకి గోధుమరంగు జూలు పోగు ఒకటి చుట్టుకుని ఉంది.